కాలేజీలో మతం చదివితే ఏం తెలుస్తుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలకు పనికొచ్చేది ఏదైనా చెప్పమని సంఘం పెద్దలు అడిగారు. గ్రూప్స్ గురించి, బ్యాంకు ఉద్యోగాల గురించి, నర్సింగు గురించి చెప్పడానికి ఇక్కడ నాకంటే తగినవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను పైచదువులో తీసుకున్నది మతాల అధ్యయనం. ఆ మాట మొదటిసారి చెప్పినప్పుడు మా ఊళ్ళో ఒక పెద్దాయన, "అయితే ఫాదరువవుతావా, పూజారివవుతావా, దిసారివవుతావా?" అని అడిగాడు. ఈ మూడూ కాకుండా మతాన్ని చదవడం ఉంటుందని ఆయనకు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఇవాళ మీకూ అదే చెప్పబోతున్నాను. అమెరికాలోని నల్లజాతి పండితులు ఆ చదువుకు తెచ్చిన మార్పు గురించి, అది గూడెం కొత్తవీధి పిల్లలకు ఎందుకు కావాలో ఎక్కువగా చెబుతాను.

మొదట చట్టం సంగతి. ప్రభుత్వ డబ్బుతో పూర్తిగా నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదని మన రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. చాలామంది దీన్ని మతం ఊసే ఎత్తకూడదన్నట్టు అర్థం చేసుకున్నారు. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు, మతబోధ వేరు, మతాల గురించి చదువుకోవడం వేరు, రెండోదానికి అడ్డు లేదని తేల్చింది. అమెరికాలో ఇలాంటి తీర్పే 1963లో వచ్చింది. బడిలో బైబిలు చదివించి ప్రార్థన చేయించడం కుదరదు కాని, మతాల గురించి పాఠంగా చెప్పడం తప్పు కాదని అక్కడి సుప్రీంకోర్టు అన్నది. ఆ తరువాత వాళ్ళ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో మతాధ్యయన శాఖలు బాగా పెరిగాయి. మన దగ్గర పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయం వంటివి కొన్ని ఆ దారి పట్టాయి. తెలుగునాట మాత్రం ఈ చదువు చాలావరకు చర్చి వారి వేదాంత కళాశాలల్లోనో, వేద పాఠశాలల్లోనో, మదరసాల్లోనో ఉండిపోయింది. మన పిల్లవాడు మామూలు డిగ్రీలో చేరితే చరిత్ర, సమాజశాస్త్రం, మానవశాస్త్రం తలుపుల గుండా దొడ్డిదారిన దీనిలోకి రావలసిందే. రావచ్చు కూడా.

ఈ చదువులో చేరిన కొత్తలో చేతికిచ్చే పాఠ్యపుస్తకాలు చాలాకాలం ఒకేలా ఉండేవి. హిందూ మతానికో అధ్యాయం, బౌద్ధానికో అధ్యాయం, యూదు, క్రైస్తవ, ఇస్లాం మతాలకు తలా ఒకటి. మొట్టమొదటో, చిట్టచివరో ఐదారు పేజీలు, పైన 'ఆదిమ మతాలు' అని పేరు. ఆఫ్రికా అంతా ఆ ఐదారు పేజీల్లోనే. ఆస్ట్రేలియా మూలవాసులూ అందులోనే. మనమూ అందులోనే. గ్రంథం లేదు కాబట్టి అధ్యాయం లేదు. వాళ్ళ లెక్క అది.

ఈ లెక్కను గట్టిగా అడ్డుకున్నవాళ్ళలో నల్లజాతి విద్యార్థులు, అధ్యాపకులు ముందున్నారు. 1968 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో విద్యార్థులు సమ్మె చేశారు. తమ చరిత్రను తాము చదువుకునే శాఖ కావాలన్నది వాళ్ళ కోరికల్లో ముఖ్యమైనది. సమ్మె నెలల తరబడి సాగింది. నల్లజాతి అధ్యయన శాఖ వచ్చింది. ఆ మరుసటి ఏడు, 1969లో, ఆర్కన్సా రాష్ట్రంలోని బేర్డెన్ అనే చిన్న ఊళ్ళో పెరిగిన జేమ్స్ కోన్ నల్లవారి వేదాంతం మీద తన మొదటి పుస్తకం ప్రకటించాడు. ఆయన అడిగిన ప్రశ్న సూటిగా ఉంటుంది. బానిసను కొన్నవాడూ, బానిసగా అమ్ముడుపోయినవాడూ ఒకే దేవుడికి మొక్కితే ఆ ఇద్దరిదీ ఒకే మతమేనా? కాదని ఆయన సమాధానం. ఇద్దరి చేతిలోనూ ఉన్న పుస్తకం ఒకటే కావచ్చు, మొక్కు వేరు.

నిజానికి పుస్తకం కూడా ఒకటి కాదు. 1807లో లండన్‌లో ఒక బైబిలు అచ్చువేశారు. వెస్టిండీస్ దీవుల్లోని నీగ్రో బానిసల కోసం ఎంపిక చేసిన భాగాలు అని దాని పేరులోనే ఉంది. పాత నిబంధనలో దాదాపు 90 శాతం, కొత్త నిబంధనలో సగం తీసేశారు. మోషే ఇశ్రాయేలీయులను ఐగుప్తు బానిసత్వం నుంచి నడిపించుకుపోయిన కథ అందులో లేదు. యజమానులకు లోబడి ఉండమన్న మాటలు మాత్రం ఉన్నాయి. కత్తెర ఎక్కడ పడిందో చూస్తే చాలు, కత్తెర పట్టినవాడికి దేనంటే భయమో తెలిసిపోతుంది. మతాన్ని చదవడం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ పుస్తకం గురించే చెబుతాను.

హోవర్డ్ థర్మన్ అనే నల్లజాతి బోధకుడు తన అమ్మమ్మ గురించి రాశాడు. ఆమె బానిసగా పుట్టింది, చదువు రాదు. మనవడి చేత బైబిలు చదివించుకునేది గాని, పౌలు పత్రికలు మాత్రం ఒకటి రెండు చోట్ల తప్ప చదవనిచ్చేది కాదు. యజమాని తెచ్చిన పాస్టరు ఎప్పుడూ ఆ పత్రికల్లోంచే, దాసులు లోబడి ఉండాలని బోధించేవాడట. విడుదల దొరికితే ఆ భాగం ఇక చదవనని ఆమె ఒట్టు పెట్టుకుంది. చదువురాని ముసలమ్మ చేసిన పని ఏమిటో చూడండి. గ్రంథాన్ని తన బతుకుతో జల్లెడ పట్టింది. మన ఊళ్ళలో అమ్మమ్మలూ ఇలా చాలా జల్లెడలు పట్టారు. వాటిని రాసినవాళ్ళు లేరు.

నల్లజాతి పండితులు చేసిన పెద్ద పని ఆ రాయడమే. 1936 నుంచి 1938 వరకు అమెరికా ప్రభుత్వం నిరుద్యోగులైన రచయితలకు పని కల్పిస్తూ, ఒకప్పుడు బానిసలుగా బతికిన ముసలివాళ్ళ జ్ఞాపకాలు రాయించింది. 2,300కు పైగా కథనాలు పోగయ్యాయి. రాసుకున్నవాళ్ళలో చాలామంది తెల్లవాళ్ళే, అందువల్ల ఆ ముసలివాళ్ళు కొంత దాచుకునే మాట్లాడారని పండితులు గుర్తించారు. అయినా అవి లేకపోతే ఆల్బర్ట్ రాబటో 1978లో బానిసల మతం మీద రాసిన పుస్తకం అంత నిండుగా ఉండేది కాదు. ఆ పుస్తకంలో ఆయన 'కంటికి కనబడని సంస్థ' గురించి చెబుతాడు. పగలు యజమాని చర్చిలో వెనక వరసలో కూర్చున్నవాళ్ళే, రాత్రిపూట అడవిలో, వాగు పక్కన, ఎవరికీ తెలియకుండా కలుసుకునేవారు. చప్పుడు బయటికి పోకుండా తడి దుప్పట్లు కట్టేవారు. ఇనప కుండ బోర్లించి పెడితే గొంతు దానిలోకి పోతుందని నమ్మేవారు. ఆ రాత్రుల్లోనే వాళ్ళ పాటలు పుట్టాయి, పారిపోయే దారులూ మాట్లాడుకున్నారు.

ఇదంతా విన్నాక మన కొండల మీద జరిగినవి మళ్ళీ చదవాలనిపిస్తుంది. నాకు అదే జరిగింది.

1831 ఆగస్టులో వర్జీనియా రాష్ట్రంలో నాట్ టర్నర్ అనే బానిస తిరుగుబాటు చేశాడు. ఆయన బోధకుడు. ఆ ఏడు ఫిబ్రవరిలో పట్టిన సూర్యగ్రహణాన్ని దేవుడిచ్చిన సైగగా చూశాడు. తిరుగుబాటును అణిచేశారు, ఆయన్ను ఉరితీశారు. ఆ తరువాత వర్జీనియాలో నల్లవాళ్ళు బోధ చేయకూడదని చట్టం వచ్చింది. టర్నర్ మాటలుగా ఇవాళ మన దగ్గరున్నది ఆయన జైల్లో ఉండగా థామస్ గ్రే అనే తెల్ల లాయరు రాసుకుని అచ్చువేసిన చిన్న పుస్తకం. అందులో ఏ వాక్యం టర్నర్‌ది, ఏ వాక్యం గ్రేది అని పండితులు ఇప్పటికీ విడదీస్తూనే ఉన్నారు.

మన ఫితూరీల సంగతి చూడండి. 1879లో రంపలో చిగురు పన్ను మీద, అంటే కల్లు చెట్టు మీద వేసిన పన్ను మీద మొదలైన తిరుగుబాటు గూడెం కొండలకూ పాకింది. 1886లో ఈ గూడెంలోనే లేచినవాళ్ళు తమను 'రామదండు' అని చెప్పుకున్నారు. 1900లో సాలూరు వైపు కొర్ర మల్లయ్య తాను పంచపాండవుల్లో ఒకడినని, తన పసికొడుకు కృష్ణుడని, ఇంగ్లీషువాళ్ళను వెళ్ళగొడతానని ప్రకటించాడు. తనవాళ్ళ చేతిలో వెదురు కర్రలు తుపాకులవుతాయని, సర్కారు ఆయుధాలు నీళ్ళయిపోతాయని చెప్పాడు. నాలుగైదు వేలమంది ఆయన దగ్గర గుమికూడారని దొరల రికార్డే చెబుతోంది. చివరికి పోలీసు కాల్పులతో అణిచేశారు.

ఈ రికార్డు రాసినవాడికి ఇది మూఢనమ్మకం, పిచ్చి. అక్కడితో పేజీ తిప్పేశాడు. మతాన్ని చదివినవాడు పేజీ తిప్పడు. ఐదేళ్ళ తరువాత, 1905లో, సముద్రం అవతల తూర్పు ఆఫ్రికాలో జర్మన్ల మీద తిరుగుబాటు జరిగింది. బలవంతపు పత్తిసాగు, పన్నులు, వెట్టి భరించలేక లేచినవాళ్ళు మంత్రించిన నీళ్ళు ఒంటికి రాసుకుంటే తూటా నీరైపోతుందని నమ్మారు. స్వాహిలీ భాషలో 'మజి' అంటే నీళ్ళు. ఆ యుద్ధానికి మజి మజి అనే పేరు నిలిచింది. కొర్ర మల్లయ్యకు తూర్పు ఆఫ్రికా తెలియదు, వాళ్ళకు సాలూరు తెలియదు. తుపాకీ లేనివాడికి తుపాకీ ఉన్నవాడు ఎదురైనప్పుడు ఇద్దరికీ ఒకే మాట తట్టింది. నీళ్ళు, ఊట, వాన తమ చేతిలో ఉన్నవి. ఇనుము, మందుగుండు సర్కారు చేతిలో ఉన్నవి. తమదైన దానితో పరాయిదాన్ని కరిగించాలనుకున్నారు. తూటా నీరు కాలేదు, చాలామంది చచ్చిపోయారు. అది చెప్పుకోవలసిందే. అయితే పిచ్చి అని రాసిన గుమాస్తా కంటే మనకు ఇప్పుడు ఎక్కువ తెలుసు.

అల్లూరి సీతారామరాజు గురించి ఈ గడ్డ మీద నేను చెప్పేదేముంది! చింతపల్లి స్టేషన్ మీద 1922 ఆగస్టు 22న దాడి జరిగిందని మూడో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. అదే ఏడు సెప్టెంబరు 24న మన మండలంలోని దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. ముందు నడిచిన భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనక వచ్చిన తెల్లవాళ్ళనే కొట్టారు. నా ప్రశ్న వేరు. రాజు సన్యాసిగా వచ్చాడు, తపస్సు చేశాడు, తూటా తగలదని జనం నమ్మారు. ఇవన్నీ రాజు గురించి రాశారు. బట్టిపనుకుల గాం గంటం దొర ఏ దేవుడికి మొక్కి బయల్దేరాడు? ఆయన తమ్ముడు గాం మల్లు దొర, తరువాత 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికైనవాడు, తుపాకీ పట్టేముందు ఏ కొండకు కోడిని కోశాడు? ఆ దండులో వెనక నడిచిన పేరు లేని మనిషికి రాజు దేవుడా, గురువా, స్నేహితుడా? వీటికి జవాబులు రికార్డుల్లో దొరకవు, ఎందుకంటే రికార్డు రాసిన పోలీసు అవి అడగలేదు. రాజు గురించి ఎన్ని పుస్తకాలొచ్చినా మన్యం మనిషి భక్తి గురించి ఒక్క మంచి పుస్తకం రాకపోవడం నాకు న్యాయంగా కనిపించదు.

పోలిక ఎక్కడ ఆగుతుందో కూడా చెప్పాలి. నల్లవాళ్ళను ఓడల్లో కుక్కి సముద్రం దాటించారు. భూమి పోయింది, భాష పోయింది, కన్నవాళ్ళ పేర్లు పోయాయి. దేవుళ్ళను దాచుకోవలసి వచ్చింది, కొందరిని పరాయి సెయింట్ల పేర్లతో పిలవవలసి వచ్చింది. మనకు కొండ కళ్ళ ముందే ఉంది. శంకుదేవుడి రాయి ఉన్నచోటే ఉంది. చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది, కొత్తల పండగ చేయకుండా కొత్త ధాన్యం నోట్లో పెట్టని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పాడేరు మోదకొండమ్మ జాతరకు మైదానం నుంచి కూడా జనం వస్తారు. వాళ్ళు పోగొట్టుకున్నదాన్ని వెతికి రాశారు. మనం ఉన్నదాన్ని కూడా రాయడం లేదు.

నల్లజాతి వేదాంతం మన దేశంలో కొందరిని కదిలించింది. 1981లో బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగంతో దళిత వేదాంతం మొదలైందని అంటారు. ఆ మరుసటి ఏడే హైదరాబాదులో కె. విల్సన్ దళిత క్రైస్తవులు రెండుసార్లు పరాయివాళ్ళయ్యారని, ఊరు ఒకసారి, చర్చి ఒకసారి వాళ్ళను వెలివేశాయని పుస్తకం రాశారు. ఆదివాసుల వైపు నుంచి రాంచీలో నిర్మల్ మింజ్, ఆయన ఉరావ్ తెగవాడు, తమ తాతల మతాన్ని చీకటిగా చూడనవసరం లేదని చర్చి లోపలే ఉండి వాదించారు. వీళ్ళంతా గొప్ప పని చేశారు. కాని వేదాంతం విశ్వాసి చేసే పని. విశ్వాసులైనవాళ్ళూ, కానివాళ్ళూ కలిసి కూర్చుని చదివేది మతాధ్యయనం. మన ఊళ్ళకు ఈ రెండోది ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

నల్లవాళ్ళలోనూ అందరూ కోన్‌తో ఏకీభవించలేదు. దేవుడు అణగారినవాళ్ళ పక్షమైతే ఇన్ని వందల ఏళ్ళు ఊరకే ఎందుకున్నాడని విలియం జోన్స్ 1973లో నిలదీశాడు. ఇందులో ఆడవాళ్ళేరి అని డెలోరెస్ విలియమ్స్ 1993లో అడిగింది. మోషే కథకు బదులు హాగరు కథ ఎత్తుకుంది. హాగరు బానిస స్త్రీ, బిడ్డతో ఎడారిలోకి గెంటేయబడినది. మన దగ్గరా ఈ ప్రశ్న అడగాలి. మన ఊళ్ళలో పూజ చేసేది మగవాళ్ళు, కొన్ని గుళ్ళ దగ్గరికి ఆడవాళ్ళను రానివ్వరు. పండగ పాటలు మాత్రం ఆడవాళ్ళ నోటే ఉన్నాయి. దింసాకు వరస కట్టేదీ వాళ్ళే. పూజారిని మాత్రమే అడిగి రాసుకుంటే సగం మతమే రాసినట్టు.

ఇక ఇది ఎందుకు అత్యవసరమో చెబుతాను. ఒడిశాలో నియమగిరి కొండ మీద బాక్సైట్ గని విషయంలో సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పిచ్చింది. ఆ కొండ డోంగ్రియా కొందుల నియమరాజు అనే దేవుడిది. గని వల్ల వాళ్ళ ఆరాధన హక్కు దెబ్బతింటుందా లేదా అన్నది గ్రామసభలే తేల్చాలని కోర్టు చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ గని వద్దన్నాయి. ఆ సభల్లో ముసలివాళ్ళు లేచి తమ దేవుడు ఎక్కడుంటాడో, ఏ వాగు ఆయనదో, ఏ చెట్టు ముట్టకూడదో చెప్పారు. అధికారులు రాసుకున్నారు. అంటే మతం గురించిన మాట కోర్టులో సాక్ష్యమైంది.

మనకూ ఇలాంటిది ముంగిట్లోకి వచ్చింది. మన మండలంలోని జెర్రెల కొండల్లో బాక్సైట్ కోసం 1,212 హెక్టార్ల అటవీ భూమిని మళ్ళిస్తూ 2015లో 97వ నంబరు జీవో వచ్చిన సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. జనం లేచారు, జీవోను ఆపారు, 2019లో రద్దు చేశారు. రేపు మరో పేరుతో మరొకటి వస్తే? గ్రామసభలో మీ దేవుడు ఎక్కడ అని అడిగితే చెప్పగలిగిన ముసలివాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఎంతమంది ఉన్నారు? వాళ్ళు చెప్పినదాన్ని సరిగ్గా రాయగల పిల్లలు ఎంతమంది?

రెండోది జనగణన. బ్రిటిషువాళ్ళు మనల్ని మొదట 'యానిమిస్టులు' అన్నారు, తరువాత 'గిరిజన మతం' అన్నారు. 1951 నుంచి ఆ గడి లేదు. ఆరు పెద్ద మతాలు, ఆపైన 'ఇతరులు'. 2011లో ఆ 'ఇతరులు' గడిలో దేశం మొత్తం మీద 79 లక్షలమంది ఉంటే, వాళ్ళలో 49 లక్షలకు పైగా తమది సర్నా అని పేరు పెట్టి రాయించారు. ఎక్కువమంది ఝార్ఖండ్ ఆదివాసులు. సర్నాకు ప్రత్యేక గడి కావాలని ఆ రాష్ట్ర శాసనసభ 2020 నవంబరు 11న తీర్మానించింది. మన దగ్గర లెక్క రాసే మాస్టారు వస్తే మతం ఏమిటని అడక్కుండానే రాసుకుని పోయిన ఇళ్ళు నాకు తెలుసు. హిందూ అని రాయించుకోవాలా, క్రిస్టియన్ అనా, మరో పేరా అన్నది ఎవరి మనసుకు వాళ్ళు తేల్చుకోవలసింది. నేను చెప్పను. అడగకుండా మాత్రం రాయనివ్వకండి.

మూడోది ఇంకా దగ్గరిది. మన ఊళ్ళలో అన్న పండగకు చందా వేస్తాడు, తమ్ముడు ప్రార్థనకు పోతాడు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగిన చోట్లు ఉన్నాయి. మతం మారినవాళ్ళకు ఎస్టీ హోదా తీసేయాలని బయట కొందరు అంటున్నారు. షెడ్యూల్డ్ కులాల విషయంలో 1950 నాటి ఉత్తర్వు మతంతో ముడిపెట్టింది గాని, తెగల విషయంలో అలాంటి ముడి లేదు. తెగ అనేది పుట్టుకతో, కొండతో, కట్టుబాటుతో వచ్చినదని ఆనాటి పెద్దలు గ్రహించారు. ఇది తెలియక మన అన్నదమ్ములు ఒకరినొకరు బెదిరించుకుంటున్నారు.

హోవర్డ్ థర్మన్ పేరు మళ్ళీ తీసుకొస్తాను. 1935లో ఆయన మరికొందరు నల్లవాళ్ళతో కలిసి సిలోను, భారత, బర్మా దేశాల పర్యటనకు వచ్చాడు. కొలంబోలో ఉపన్యాసం అయ్యాక ఒక న్యాయవాది ఆయన్ను పక్కకు పిలిచి అడిగాడు. మీవాళ్ళను బానిసలుగా తోలుకుపోయినవాళ్ళు క్రైస్తవులు, ఆ ఓడల్లో ఒకదాని పేరే యేసు, అలాంటి మతంలో ఉండి ఇక్కడికి రావడానికి నీకు సిగ్గనిపించడం లేదా అని. ఆ ఓడ నిజమే, 16వ శతాబ్దంలో జాన్ హాకిన్స్ బానిసలను తీసుకుపోయిన ఓడ. థర్మన్ కోప్పడలేదు. క్రైస్తవ రాజ్యాల మతం ఒకటి, పరాయి సామ్రాజ్యం కింద పౌరహక్కులు లేని బీద యూదుడిగా బతికిన యేసు మతం ఒకటి అని విడదీసి జవాబిచ్చాడు. 1936 ఫిబ్రవరిలో బార్డోలీలో గాంధీని కలిసినప్పుడూ ప్రశ్నలే ఎక్కువ నడిచాయి. ఎక్కువ అడిగింది గాంధీయే. ఈ ప్రశ్నలను పదమూడేళ్ళు మోసి, 1949లో థర్మన్ తన ముఖ్యమైన పుస్తకం రాశాడు. ప్రార్థనకు పోయే మన తమ్ముణ్ణి తెల్లవాళ్ళ మతమెందుకురా అని ఎవరైనా అడిగితే, లేదా పండగ చేసే అన్నను రాళ్ళకు మొక్కుతావెందుకని అడిగితే, ఇద్దరూ థర్మన్‌లాగా తీరిగ్గా జవాబు చెప్పగలగాలి. కోపం వచ్చేది జవాబు లేనప్పుడే.

మన సభ పేరులోని 'జూబిలీ' గురించి ఒక ముక్క. ఇది బంగారానికో, కేకుకో సంబంధించిన మాట కాదు. పాత నిబంధనలో లేవీయకాండం 25వ అధ్యాయంలో ఉంది. ప్రతి యాభయ్యో ఏడు పొట్టేలు కొమ్ము ఊదాలి, బానిసలను విడిచిపెట్టాలి, అమ్ముడుపోయిన భూమి అసలు వారసులకు తిరిగి చేరాలి. అమెరికా నల్లవాళ్ళు తమ విడుదలను ఈ మాటతోనే పిలుచుకున్నారు. నాష్‌విల్‌లో వాళ్ళ కోసం పెట్టిన ఫిస్క్ కాలేజీ అప్పుల్లో మూతబడబోతుంటే 1871లో తొమ్మిదిమంది విద్యార్థులు పాటలు పాడుతూ ఊరూరా తిరిగి డబ్బు కూడబెట్టారు. వాళ్ళ పేరు జూబిలీ గాయకులు. దడికి చాటుగా, బోర్లించిన కుండ దగ్గర పాడుకున్న పాటలే అవి. ఆ డబ్బుతో కట్టిన భవనం ఇప్పటికీ ఉంది. ఇందాక చెప్పిన కత్తిరించిన బైబిలు ప్రతి ఒకటి ఆ కాలేజీ దగ్గరే ఉంది. భూమి అసలు వారసులకు చేరాలన్న మాట విన్నప్పుడు మనవాళ్ళకు 1/70 చట్టం గుర్తు రాక మానదు. ఆ పోలిక మీద ఎవరైనా ఒక వ్యాసం రాస్తే చదవాలని ఉంది.

చివరగా మన సంఘానికి ఒక విన్నపం. స్వర్ణోత్సవ నిధిలో కొంత పక్కన పెట్టి తొమ్మిదో తరగతి పిల్లలకు తలా ఒక నోటుబుక్కు ఇద్దాం. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఊళ్ళో ఒక ముసలాయన్నీ, ఒక ముసలమ్మనూ కూర్చోబెట్టి రాసుకుని రావాలి. ఊరి దేవుడి చోటు ఎక్కడ, ఎవరు పూజ చేస్తారు, ఆ పని వాళ్ళకు ఎలా వచ్చింది, ఏ పండగ ముందు, ఏది తరువాత, ఏం పాడతారు, ఏం మానేశారు, ఎందుకు మానేశారు. ప్రార్థనకు పోయే ఇళ్ళలోనూ అడగాలి. వాళ్ళు ఎప్పుడు, ఏ కష్టంలో ఆ దారి పట్టారో అది కూడా మన ఊరి చరిత్రే. వాళ్ళు మాట్లాడే భాషలోనే రాయాలి, కువి అయినా, ఒడియా అయినా, మన తెలుగు అయినా. పుస్తకం తెలుగులోకి మార్చవద్దు. ఇది బయటికి చెప్పకూడదని పెద్దవాళ్ళు అన్న మాటను రాయకూడదు, ఫోనులో రికార్డు చేయకూడదు, రీలు అసలు పెట్టకూడదు.

నోటుబుక్కులు బడి లైబ్రరీలోనే ఉండాలి. పట్నం యూనివర్సిటీ వాళ్ళు వచ్చి అడిగితే ఇక్కడ కూర్చుని చదువుకోమందాం. తెలుగు మాస్టారు, సోషల్ మాస్టారు ఒప్పుకుంటే ఈ జనవరి నుంచే మొదలుపెట్టవచ్చు. నా వంతు నోటుబుక్కులు ఇరవై తెచ్చాను, ఆఫీసు గదిలో పెట్టాను.